అమ్మమ్మ ఇల్లా, తెలియనివాళ్ల ఇల్లా?

అమెరికా పిల్లల్లో నల్లజాతివాళ్లు సుమారు 14 శాతం. ఫోస్టర్ కేర్‌లో, అంటే తల్లిదండ్రుల నుంచి వేరు చేసిన పిల్లలను ప్రభుత్వం తాత్కాలికంగా వేరేవాళ్ల దగ్గర ఉంచే ఏర్పాటులో, మాత్రం 20 శాతం పైనే. తల్లిదండ్రుల నుంచి వేరు చేశాక వాళ్లను ఎక్కడ ఉంచుతారన్నది చాలా ముఖ్యం.

ముక్కూమొహం తెలియని ఫోస్టర్ కుటుంబానికి లైసెన్సు, శిక్షణ, నెలనెలా భత్యం ఉంటాయి. అమ్మమ్మ దగ్గరో పిన్ని దగ్గరో పెరిగే పిల్లలు ఇళ్లు మారడం తక్కువ, ప్రవర్తన సమస్యలూ తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. ఇంకో పెద్ద తేడా 1997 నాటి చట్టంలో ఉంది: 22 నెలల్లో 15 నెలలు ఫోస్టర్ కేర్‌లో గడిస్తే తల్లిదండ్రుల హక్కుల రద్దుకు రాష్ట్రం కోర్టుకెళ్లాలి, పిల్లలు బంధువుల దగ్గరుంటే మినహాయింపు ఇవ్వొచ్చు.

నా మొగ్గు అమ్మమ్మ వైపే. కానీ లైసెన్సు లేని అమ్మమ్మకు చాలాచోట్ల డబ్బు తక్కువే అందుతుంది, ఇది అన్యాయం. బంధువుల కోసం వేరే లైసెన్సు ప్రమాణాలు పెట్టుకునే వీలు రాష్ట్రాలకు 2023లోనే వచ్చింది.