పెద్దవాళ్ళకి మసాజ్: సీతమ్మధార వైపు ఆయుర్వేద సెంటర్‌లో మా అనుభవం

అమ్మనో అత్తగారినో మసాజ్‌కి తీసుకెళ్దామనుకుని, ఎలా చూస్తారో ఏమోనని ఆగిపోయేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. విశాఖలో సీతమ్మధార వైపు, ఆడవాళ్ళకి ఆడవాళ్ళే చేసే చిన్న ఆయుర్వేద సెంటర్ ఇది. అభ్యంగనం గంటకి 1,800 రూపాయలు. అమ్మకి 70 దాటాయి, నడుంనొప్పి, షుగరు, పిక్కల మీద ఉబ్బిన నరాలు.

వెళ్ళగానే బల్ల ఎక్కించెయ్యలేదు. అక్కడి డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టి షుగర్ ఎన్నేళ్ళుగా ఉంది, అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయా, రక్తం పల్చబడే మాత్రలు ఏమన్నా వేసుకుంటున్నారా, తిని ఎంతసేపయింది అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. షుగర్ వల్ల కాళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళకి వేడి తెలీదు, చర్మం కాలినా వెంటనే తెలీదు, అందుకని స్టీమ్ వద్దన్నారు. దానికి విడిగా డబ్బులు తీసుకుంటారు, అయినా వద్దన్నారు, నాకు అక్కడే నమ్మకం కుదిరింది. నరాలు ఉబ్బినచోట గట్టిగా పట్టకూడదని, పైపైన నూనె రాసి వదిలేస్తామని చెప్పారు. ఎప్పుడైనా ఒక్క పిక్కే వాచి, నొప్పిగా వేడిగా అనిపిస్తే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, మసాజ్ జోలికి పోకుండా ముందు ఆసుపత్రికి వెళ్ళమని కూడా చెప్పారు. ఈ ముక్క మసాజ్ చేసే ప్రతిచోటా చెప్పాలి.

ఇక అమ్మ అసలు భయం బట్టలు తీయడం. ఇంతకుముందు వేరేచోట (పేరు అనవసరం) ఒక చిన్న తువ్వాలు ఇచ్చి, తలుపు సరిగ్గా వెయ్యకుండా, చేస్తూ చేస్తూ ఫోన్ మాట్లాడారు, ఆ తర్వాత మసాజ్ మాటెత్తితేనే అమ్మ వద్దనేది. ఇక్కడ చేసే అమ్మాయి బయటికి వెళ్ళి, అమ్మ పెద్ద దుప్పటి కప్పుకుని సరే అన్నాకే తలుపు కొట్టి లోపలికొచ్చింది. ఏ చెయ్యి పడుతుంటే ఆ చెయ్యే బయట, మిగతా ఒళ్ళంతా కప్పే ఉంటుంది. నేను లోపల ఉండాలా వద్దా అన్నది కూడా నన్నడగలేదు, "అమ్మాయిగారు ఇక్కడే ఉండాలా అమ్మా, బయట కూర్చోమననా?" అని అమ్మనే అడిగింది. పుస్తెలతాడు తీయక్కర్లేదని, నూనె అంటకుండా మెత్తటి గుడ్డ చుట్టి పక్కకి జరిపింది. అది తీయమంటారేమోనని అమ్మ పొద్దుట్నించీ టెన్షన్ పడుతోంది, ఆ అమ్మాయికి ఎలా తెలిసిందో గానీ.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆమె అడిగే తీరు. మన పెద్దవాళ్ళు నొప్పి పుట్టినా పైకి అనరు, "బాగుందా?" అంటే "బాగుందమ్మా" అనేస్తారు, ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని. ఈ అమ్మాయి "ఇలాగే ఉంచనా, కొంచెం తగ్గించనా?" అని అడుగుతుంది, అలా అడిగితే అమ్మ మొహమాటం లేకుండా "తగ్గించు" అంటుంది. మాట కోసం ఎదురుచూడకుండా అమ్మ కాలివేళ్ళు బిగుసుకోవడం గమనించి తనంతట తనే తేలిక చేసింది కూడా. నూనె ముందు తన మణికట్టు మీద వేసి వేడి చూసుకున్నాకే అమ్మకి రాసింది. చేసినంతసేపూ అవసరమైన మాట తప్ప వేరే కబుర్లు లేవు, మీ ఒళ్ళు ఇలా ఉంది అలా ఉంది అన్న వ్యాఖ్యానాలూ లేవు, బ్యూటీ పార్లర్లలో మొహం మీద మచ్చల గురించి పాఠాలు విని విసిగిపోయినవాళ్ళకి ఇదెంత హాయో తెలుస్తుంది.

నడుంనొప్పి పూర్తిగా పోయిందని చెప్పను, రెండు రోజులు తేలిగ్గా ఉంటుంది, నిద్ర బాగా పడుతోంది. తగ్గిపోతుందని వాళ్ళూ మాట ఇవ్వలేదు, ఎముకల డాక్టరు రాసిన మందులు మానొద్దనే చెప్పారు.

నచ్చనివి రెండు. కౌంటర్ దగ్గర ఏడు సిట్టింగుల ప్యాకేజీ తీసుకోమని ప్రతిసారీ అడుగుతారు, వద్దంటే ఊరుకుంటారు గానీ, లోపల అంత మర్యాదగా చూసి బయట ఈ ఒత్తిడి ఎందుకు? రెండోది ముఖ్యమైనది. నూనె కాళ్ళతో బాత్రూమ్ దాకా నడవాలి, గచ్చు జారుతుంది, గోడకి పట్టుకోవడానికి కడ్డీ లేదు. చెప్పాను, రబ్బరు చాపలు వేయిస్తామన్నారు. వేసేదాకా పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు జారని చెప్పులు పట్టుకెళ్ళండి, ఆ నాలుగడుగులూ మీరే చెయ్యి పట్టుకుని నడిపించండి.