రోజాలో కసరత్తు: ఏ వేళ మేలు?

రంజాన్ దగ్గరపడితే జిమ్‌కు అలవాటు పడ్డవాళ్లందరికీ ఒకటే టెన్షన్. నెల రోజులు మానేస్తే కండ పోతుందేమో, చేస్తే రోజా (ఉపవాసం) నిలబడదేమో అని. ఆకలి సంగతి ఒంటికి రెండు మూడు రోజుల్లో అలవాటైపోతుంది. చివరిదాకా ఇబ్బంది పెట్టేవి దాహం, నిద్ర. అందుకే ఏ వేళ మేలో తేల్చడానికి నేను చూసేవి రెండే: చెమట పట్టాక నీళ్లు ఎంతసేపటికి అందుతాయి, ఆ రాత్రి ఎన్ని గంటలు పడుకుంటాం.

ముందే కొట్టేయాల్సింది ఫజర్ నమాజ్ (తెల్లవారుజామున చదివేది) తర్వాతి వేళ. మార్నింగ్ వాక్ అలవాటున్న పెద్దవాళ్లు చాలామంది రంజాన్‌లోనూ అదే టైముకు బయల్దేరతారు. గాలి చల్లగానే ఉంటుంది, కానీ పోయిన నీరు తిరిగి రావాలంటే సూర్యాస్తమయ వేళ మగ్రిబ్ అజాన్ దాకా ఆగాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో హైదరాబాద్‌లో రోజా సుమారు 13 గంటలు. జూన్‌లో వస్తే 14 దాటుతుంది.

సహరీకి, అంటే రోజా మొదలయ్యే ముందు తినే తిండికి, ముందు చేయడం వినడానికి బాగుంటుంది. మూడింటికి లేచి అరగంట కసరత్తు, ఆ తర్వాత తిండి, నీళ్లు. అయితే తరావీహ్ (రంజాన్ రాత్రుల ప్రత్యేక నమాజ్) ముగించుకుని పడుకునేసరికి పదకొండవుతుంది, తొమ్మిదింటికి ఆఫీసు. నాలుగు రోజులు పోయాక అలారం ఆపేసి సహరీయే పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. ఫజర్ చదివి మళ్లీ ఎనిమిది దాకా పడుకునే వీలున్నవాళ్లకైతే ఇది సరే.

ఇఫ్తార్‌కు (సాయంత్రం రోజా విడిచే వేళకు) ముందు నలభై నిమిషాలకు నా ఓటు ఉంది, నడక వరకే. అసర్ (సాయంత్రపు నమాజ్) తర్వాత మెల్లగా బయల్దేరి, ఇంటికొచ్చి మొహం కడుక్కునేసరికి ఖర్జూరం చేతిలో ఉంటుంది. ఆ టైములో బరువులు మాత్రం వద్దు. రోజంతా నీళ్లు లేని ఒంటితో బెంచ్ ప్రెస్ కింద పడుకుంటే మొదటి సెట్ బాగానే లేస్తుంది, మూడో సెట్‌లో కళ్లు తిరుగుతాయి. అన్నట్టు, ఇది మగవాళ్ల సలహా. ఇంట్లో ఆడవాళ్లకు అది పండ్లు కోసే వేళ, బజ్జీలు వేసే వేళ. ఇంట్లోనే తరావీహ్ చదువుకునే ఆడవాళ్లకు ఇషా (రాత్రి నమాజ్) అయ్యాక తొమ్మిది ప్రాంతంలో నడవడమే కుదురుతుంది.

మగ్రిబ్‌కీ ఇషాకీ మధ్య గంటా పావు దొరుకుతుంది. ఈ వేళ పనికొస్తుందా లేదా అన్నది దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) మీద ఉన్నదాన్ని బట్టి ఉంటుంది. మూడు ఖర్జూరాలు, రెండు గ్లాసుల నీళ్లు, ఓ అరటిపండు, నమాజ్, అరగంట విరామం, ఆపైన కసరత్తు: ఇలా చేస్తే హాయిగా ఉంటుంది. 2021 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో లీసెస్టర్ సిటీ, క్రిస్టల్ ప్యాలెస్ జట్ల ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుండగా సూర్యాస్తమయం అయింది. గోల్ కిక్ కాసేపు ఆపితే, లీసెస్టర్ ఆటగాడు వెస్లీ ఫోఫానా గీత దగ్గరికొచ్చి రోజా విడిచి మళ్లీ ఆటలోకి వెళ్లాడు. కొద్దిపాటి తిండి చాలు ఒళ్లు కదలడానికి. అదే సమోసాలు, మిర్చి బజ్జీలు, పైన ఓ ప్లేటు హలీం పడితే రెండు గంటల దాకా జిమ్ ఊసెత్తకూడదు.

బరువులెత్తేవాళ్లకు తరావీహ్ తర్వాతే మేలు. అప్పటికి తిండి అరిగి ఉంటుంది, నీళ్లు పట్టి ఉంటాయి, సెట్ల మధ్య గుక్కెడు తాగొచ్చు. కాకపోతే తరావీహ్‌లో ఇరవై రకాతులు (నిలబడి, వంగి, సాష్టాంగపడే వరుసలు) చదివినవాళ్ల కాళ్లకు అప్పటికే పని పడింది కాబట్టి స్క్వాట్లు సగానికి తగ్గించుకోవాలి. వారానికి రెండు మూడు సార్లు, నలభై నిమిషాలు, బరువు మామూలుగానే, సెట్లు తక్కువ. కండ నిలబడడానికి అది సరిపోతుంది, పెంచే పని ఈద్ తర్వాత చూసుకోవచ్చు. పదకొండున్నర దాటితే ఆ రోజుకు వదిలేయడమే నయం, నిద్ర తగ్గితే మర్నాటి రోజా భారమవుతుంది.

కాబట్టి నా లెక్క ఇది: రోజూ ఇఫ్తార్ ముందు నడక, వారంలో రెండు రాత్రులు బరువులు. చివరి పది రాత్రులు జాగరణ చేసేవాళ్లు బరువులు పూర్తిగా పక్కన పెట్టేసినా నష్టమేమీ లేదు.

షుగర్ ఉన్నవాళ్లకు ఈ లెక్క తిరగబడుతుంది. ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లకు ఇఫ్తార్ ముందు నడకే అన్నిటికన్నా ప్రమాదం. ఇఫ్తార్ తర్వాతే నడవాలి, అదీ డాక్టర్ని అడిగాకే. తరావీహ్‌ను కూడా వ్యాయామం కింద లెక్కేసుకోవాలి. వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదు. 70 కన్నా తగ్గినా, 300 దాటినా రోజా విడిచేయాలని డాక్టర్లు చెబుతారు. అజాన్‌కు పది నిమిషాలే ఉన్నా సరే, ఆగకూడదు.