ఇగుర్ల ఆపరేషన్: ఏళ్లు గడిచాక నా మాట

ఇగురును తెరిచి లోపల శుభ్రం చేసే ఫ్లాప్ సర్జరీకి మంచి మార్కులే వేస్తాను, కానీ అవసరమైన చోట చేస్తేనే. మొదటిసారి చూపించుకున్న రోజే ఆపరేషన్ అంటే ఆగండి. ముందు ఇగురు కింద వేరు దాకా గార తీయాలి, నాలుగు నుంచి ఆరు వారాలకు మళ్లీ కొలవాలి. మిల్లీమీటర్ల గీతలున్న సన్న పుల్లను ఇగురుకూ పంటికీ మధ్య దించి, పంటికి ఆరు చోట్ల చూస్తారు. 1 నుంచి 3 దాకా మామూలే. అప్పటికీ 5 దాటి, పుల్ల తగిలితే నెత్తురు వస్తుంటే లోపలి గార పైనుంచి అందడం కష్టం. సర్జరీ మాట అప్పుడు. ఆ అంకెలు కాగితం మీద రాయించుకోండి.

ఊగే పన్ను బిగుస్తుందన్న ఆశతో మాత్రం చేయించుకోవద్దు. ఇగురు తెరిచి శుభ్రం చేసినంత మాత్రాన కరిగిన ఎముక తిరిగి రాదు. షుగర్ అదుపులో లేకపోయినా, గుట్కా మానకపోయినా గాయం సరిగా మానదు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్‌తో కొందరికి ఇగుర్లు ఉబ్బుతాయి, వాళ్లు ముందు ఆ మాత్ర రాసిన డాక్టర్‌ను అడగాలి.

హనుమకొండ, కాజీపేట వైపు చిన్న క్లినిక్‌లలో ఇగుర్ల డాక్టర్ పిలిస్తేనే వస్తారు. రాత్రి నెత్తురు కారితే ఎవరికి ఫోన్ చేయాలో ముందే అడిగి పెట్టుకోండి. తడి గాజుగుడ్డ పెట్టి పదిహేను, ఇరవై నిమిషాలు గట్టిగా అదిమితే చాలావరకు ఆగుతుంది. కుట్లు వారం, పది రోజులకు తీస్తారు. నొప్పి మాత్రలకు లొంగేదే.

అసలు చికాకు పుక్కిలించే మందు క్లోర్‌హెక్సిడిన్. 0.2 శాతం మందు పది మిల్లీలీటర్లు, పొద్దున, రాత్రి. పేస్ట్‌తో తోముకున్న వెంటనే పుక్కిలిస్తే మందు పని తగ్గుతుంది, అరగంట ఆగాలి. నాలుకకు రుచి తెలియదు. చాయ్ తాగేవాళ్ల పండ్లకు గోధుమరంగు మరకలు పడతాయి, అవి పాలిష్‌తో పోతాయి.

పోనిది ఇంకోటి ఉంది. వాపు దిగాక ఇగురు వెనక్కి జరిగి పండ్లు పొడుగ్గా కనిపిస్తాయి, సందులు తెరుచుకుంటాయి, చల్లనీళ్లు జివ్వుమంటాయి. సకినాల్లోని నువ్వులు, గుడాల పొట్టు అక్కడే ఇరుక్కుంటాయి. పుల్లతో పొడిస్తే ఇంకా లోపలికి పోతాయి. సందుల బ్రష్, అంటే తీగ చుట్టూ వెంట్రుకలున్న సన్న బ్రష్, తప్పదు. తీగ ఇగురును ఒరుసుకోకుండా, వెంట్రుకలు రెండు పండ్లనూ తాకుతూ పోవాలి. ముందు పండ్లకు ఒక సైజు, దవడ పండ్లకు ఇంకో సైజు పడుతుంది. తీగ వంగితే పారేయండి. ఇది రోజూ చేయలేనివాళ్లకు, మూడు నెలలకోసారి క్లీనింగ్‌కు పోలేనివాళ్లకు ఈ ఆపరేషన్ ఖర్చు దండగ.