సరిహద్దు తెలుగువాళ్ల కామిక్స్ గ్రూపుకు టెలిగ్రామ్: చాలాకాలం వాడాక మా మాట

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు తెలుగువాళ్లు కామిక్స్ గ్రూపు ఎక్కడ పెట్టుకోవాలని అడిగితే మేం టెలిగ్రామ్ అనే చెబుతాం, అదీ టాపిక్స్ (ఒకే గ్రూపులో ఒక్కో విషయానికి ఒక్కో విడి గది) ఆన్ చేసిన గ్రూపు. వాట్సాప్, డిస్కార్డ్ కూడా వాడి చూశాకే ఈ మాట. కామిక్స్ గ్రూపుకు ప్రాణం పాత సంభాషణే. ఫలానా సంచిక ఏ ఏటిది, బొమ్మలు ఎవరివి, పేజీలు ఎన్ని ఉండాలి అన్నది ఒకసారి తేలాక ఆరునెలల తర్వాత వచ్చినవాళ్లకీ దొరకాలి. వాట్సాప్‌లో అది రెండు రోజుల్లో గుడ్ మార్నింగ్ ఫొటోల అడుగున పడిపోతుంది. అక్కడ 1,024 మందిని చేర్చుకోవచ్చు, మన ప్రాంతానికి అది చాలు. ఇబ్బందల్లా ఒకరి నంబరు అందరి కళ్లా పడడమే, ఆడవాళ్లు చేరడానికి వెనకాడేది అందుకే. టెలిగ్రామ్‌లో నంబరు దాచుకోవచ్చు. డిస్కార్డ్‌లో చర్చలకు ఏర్పాటు బాగానే ఉంది కానీ ఉచిత ఖాతాకు ఫైలు 10 ఎంబీ దాటకూడదు. మంచి స్కాన్ దానికే ఎక్కువైపోతుంది. పైగా పాత పుస్తకాలు దాచుకున్న పెద్దవాళ్లు అక్కడికి రారు.

గ్రూపు పెట్టగానే చేయాల్సినవి ఉన్నాయి. ఎడిట్‌లోకి వెళ్లి టాపిక్స్ ఆన్ చేయండి. కొత్త సభ్యులకు పాత సందేశాలు కనిపించేలా పెట్టండి. సభ్యులు కొత్త టాపిక్ తెరవడం, పిన్ చేయడం, ఇతరులను చేర్చడం మూడూ ఆపేయండి. ఆహ్వాన లింకుకు అడ్మిన్ అనుమతి తప్పనిసరి చేయండి. టాపిక్స్ నాలుగు చాలు: గుర్తింపు (చేతిలోని ప్రతి ఏ సంచికో తేల్చడం), అమ్మకం-మార్పిడి, కొత్త పుస్తకాలు, కబుర్లు. పది తెరిస్తే తొమ్మిది ఖాళీగా పడి ఉంటాయి, వచ్చినవాడు గ్రూపు చచ్చిపోయిందనుకుని వెళ్లిపోతాడు.

మన దగ్గర గ్రూపు నడపడంలో అసలు చిక్కు భాష. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. చాలామంది తెలుగు గడగడా మాట్లాడతారు, చదవలేరు. తెలుగు లిపిలోనే రాయాలని నియమం పెడితే సగం మంది నోరు మూసుకుంటారు. ఏ లిపిలోనైనా రాయనివ్వండి, వాయిస్ మెసేజ్ పెట్టనివ్వండి. కానీ పుస్తకం పేరు మాత్రం మూడు లిపుల్లో ఒకే వరుసలో ఉండాలి: తెలుగు, ఒడియా, ఇంగ్లీషు. వెతుకులాట పనిచేసేది దానివల్లే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్లు ఒకే పేరును నాలుగు రకాలుగా రాస్తారు, యాప్ వాటిని కలపలేదు. వాయిస్ మెసేజ్ లోపలి మాట వెతికితే దొరకదు కాబట్టి దాని కింద ఒక్క వాక్యం టైప్ చేయడం అడ్మిన్ పని. విసుగు పుట్టించే పనే, అయినా మానకండి.

ఈ రెండు భాషలవల్ల పెద్ద లాభమూ ఉంది. 1947 జూలైలో మొదలైన చందమామ ఒడియాలో జహ్నమాముగా వచ్చేది. అది అచ్చంగా కామిక్ కాకపోయినా దాచుకునేవాళ్లు మాత్రం అదే జనం. భాషలు వేరైనా బొమ్మలు ఉమ్మడివి. అట్ట పోయిన ఒడియా ప్రతిని తెలుగు ప్రతితో బొమ్మ పక్కన బొమ్మ పెట్టి పోల్చవచ్చు. ఇలాంటి గుర్తింపు మన జిల్లాల్లో కుదిరినంత తేలిగ్గా హైదరాబాదులో కుదరదు.

గుర్తింపు టాపిక్‌లో నాలుగు ఫొటోలు అడగండి: ముందు అట్ట, వెనక అట్ట, ధర-ప్రచురణ వివరాలున్న పేజీ, సరిగ్గా నడిమి పేజీల జత. నడిమి జత ఎందుకంటే పిన్ను తుప్పు పట్టగానే ముందు ఊడేది అదే. పిన్ను చుట్టూ గోధుమరంగు వలయం, కాగితంలో చిన్న చిరుగు కనిపిస్తే ఆ నడిమి కాగితంలోని నాలుగు పేజీలు ఉన్నాయో లేదో లెక్కపెట్టించండి. ఫ్లాష్ వద్దు, నున్నటి అట్ట మీద వెలుగు పడి అంకెలు చెరిగిపోతాయి, కిటికీ పక్కన పెట్టి తీస్తే చాలు. ఫొటోగా పంపితే యాప్ కుదించేస్తుంది, చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. 'ఫైల్'గా పంపమని ఒక సందేశం రాసి టాపిక్ పైన పిన్ చేసి పెట్టండి. అమర్ చిత్ర కథ విషయంలో సంచిక సంఖ్య ఒక్కటే నమ్మకండి. తొలి వరుస సంఖ్య వేరు, తర్వాతి ముద్రణలకు వేసిన 500 పైబడిన సంఖ్యలు వేరు. పేరు, సంఖ్య, ధర మూడూ రాయాలి.

పీడీఎఫ్‌ల దగ్గర మేం గట్టిగా ఉంటాం. ఫైలుకు 2 జీబీ వరకు ఎక్కించనిస్తుంది కదా అని జనం మొత్తం పుస్తకాలే పెట్టేస్తారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. ఇంద్రజాల్ కామిక్స్ 1990లో ఆగిపోయిందంటే హక్కులు పోయినట్టు కాదు. సమీక్ష కోసం రెండు మూడు గడులు చూపించడం వేరు, పుస్తకం పంచడం వేరు. ఫిర్యాదు వెళితే గ్రూపే మూతపడవచ్చు, అప్పుడు గుర్తింపుల పోగంతా పోతుంది. అదీగాక ఉచిత ఫైళ్లకోసం చేరినవాళ్లు ఒక్క మాటా మాట్లాడరు.

అమ్మకంలో డబ్బు అడ్మిన్ చేతుల మీదుగా పోకూడదు. ప్రకటనలో ధర, లోపాలు, బరువు, తపాలా ఖర్చు నాలుగూ లేకపోతే తీసేయండి. తపాలా శాఖ పుస్తకాల కోసం 2025 మే నుంచి నడుపుతున్న జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాములకు 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను అదనం. పుస్తకం మీద ముద్రాపకుడిదో ప్రచురణకర్తదో పేరుండాలి. క్రమం తప్పకుండా వెలువడే పత్రికలు అందులో వెళ్లవు, పాత మాసపత్రికలకు మామూలు పార్శిల్ ఖర్చే లెక్కవేసుకోవాలి. పుస్తకానికి ముందు ప్లాస్టిక్ కవరు, తర్వాత రెండు వైపులా అన్ని అంచులా రెండు సెంటీమీటర్లు పెద్దవైన అట్టముక్కలు. వాటి లోపలి ముడతల గీతలు ఒకటి నిలువు, ఒకటి అడ్డం ఉండేలా పెడితే పార్శిల్ వంగదు. తుపాన్ల కాలంలో బయట మరో ప్లాస్టిక్ పొర వేయాల్సిందే.

యాప్ లోపాలూ చెప్పాలి. ఫొటోలు వాటంతటవే దిగి చిన్న ఫోన్లు నిండిపోతాయి. ఆటో డౌన్‌లోడ్ ఆపి, మీడియా ఉంచే గడువు మూడు రోజులు పెట్టుకోమనండి, అసలు ఫైలు టెలిగ్రామ్ సర్వర్లో ఉంటుంది కాబట్టి పోదు. అడ్మిన్ పేరు, ఫొటో పెట్టుకుని సభ్యులకు విడిగా మెసేజ్ చేసి డబ్బడిగే దొంగ ఖాతాలు అంతకన్నా పెద్ద తలనొప్పి. గ్రూపు వంద దాటాక సభ్యుల జాబితా దాచేయండి.

యజమాని ఖాతా ఒక్క సిమ్ మీద వేలాడకూడదు. రీఛార్జ్ లేక సిమ్ ఆగితే ఆ నంబరు మరొకరికి పోతుంది. టూ-స్టెప్ పాస్‌వర్డ్ (లాగిన్‌లో కోడ్‌తోపాటు అడిగేది) మొదటిరోజే పెట్టండి. యాజమాన్యం ఇంకొకరికి అప్పగించాలంటే ఆ పాస్‌వర్డ్ పెట్టి ఏడు రోజులైనా గడిచి ఉండాలి, అవసరం పడినరోజు పెడితే ఆ వారం ఆగాల్సిందే.