కూపర్స్‌టౌన్‌కి రెండోసారి: జూలైలోనా, అక్టోబరులోనా?

ఖర్చు: అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్న ఈ ఊళ్లో, జూలై చివర్లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ (మేటి ఆటగాళ్లను గౌరవించే మ్యూజియం) ఇండక్షన్ వారాంతంలో, అంటే కొత్తవాళ్లను అందులో చేర్చుకునే వేడుక రోజుల్లో, గదుల ధరలు కొండెక్కుతాయి. వేడుకను పచ్చిక మీద కూర్చుని చూడటం మాత్రం ఉచితమే. అక్టోబరులో ఆకుల రంగుల కోసం జనం వచ్చే శని, ఆదివారాలు తప్పిస్తే గది తేలిగ్గా దొరుకుతుంది.

శ్రమ: రెండు వేల జనాభా కూడా లేని ఊరు. 2007లో హాల్‌లో చేరిన ఆటగాళ్లు రిప్కెన్, గ్విన్‌ల కోసం సుమారు 75 వేల మంది వచ్చారు! అలాంటప్పుడు పార్కింగే పెద్ద టెన్షన్. అక్టోబరులో మెయిన్ స్ట్రీట్‌లో తాపీగా తిరగొచ్చు.

రిస్క్: జూలైలో ఎండ, వాన. అక్టోబరులో చలి.

మొదటిసారి హాల్‌లోని ఆటగాళ్ల ఫలకాల గ్యాలరీలోనే పొద్దుపోయినవాళ్లకు అక్టోబరే నయం. ఒట్సెగో సరస్సు, ఫెనిమోర్ ఆర్ట్ మ్యూజియం కూడా చూడొచ్చు. అభిమాన ఆటగాడికి ఆ ఏడాది హాల్‌లో చోటు దక్కితే మాత్రం జూలైకే వెళ్లాలి, గది ముందే బుక్ చేసుకుని.