ట్రైలర్ మీద సోలార్: మిక్సీ తిరుగుతుంది, ఏసీ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి

డాలస్‌లో మా వాళ్ళెవరు మా క్యాంపింగ్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) ఎక్కి చూసినా మొదట అడిగేది ఒకటే, సోలార్‌తో ఏసీ నడుస్తుందా అని. నడుస్తుంది, గంటన్నర. పైకప్పు మీద 200 వాట్ల ప్యానెళ్ళు రెండు, మంచం కింద 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ ఉన్నాయి మాకు, ఇంటి కరెంటు బిల్లు లెక్కలో చెప్పాలంటే బ్యాటరీ నిండితే రెండున్నర యూనిట్లు. ఏసీ ఆగకుండా తిరిగితే గంటకి యూనిటున్నర దాకా తినేస్తుంది, అలా ఖాళీ అయిన బ్యాటరీ నిండడానికి మండుటెండలో కూడా ఒక పగలు చాలదు. అందుకే టెక్సాస్‌లో జూలై, ఆగస్టు నెలల్లో హుకప్ (ట్రైలర్‌కి కరెంటు తగిలించుకునే ఏర్పాటు) ఉన్న చోటే దిగుతాం.

మిగతా రోజుల్లో మాత్రం సోలార్ ముందు జనరేటర్ ఎందుకూ పనికిరాదు. టెక్సాస్‌లోనే బిగ్ బెండ్ నేషనల్ పార్కులో కాటన్‌వుడ్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది చూడండి, అక్కడ హుకప్పులు లేవు, జనరేటర్ అసలు వెయ్యనివ్వరు. అలాంటి చోట ఫ్రిజ్, లైట్లు, నీళ్ళ పంపు, ఫోన్లు, చట్నీకి మిక్సీ అన్నీ హాయిగా నడిచాయి. మిక్సీ 750 వాట్లని కంగారు పడక్కర్లేదు, తిరిగేది రెండు నిమిషాలేగా (ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టులది కాదు, ఇక్కడి 110 వోల్టులది ఉండాలి). రైస్ కుక్కర్‌కి పూటకి పావు యూనిట్ పోతుంది. అసలు మేసేది ఫ్రిజ్, పగలూ రాత్రీ ఆగదు కదా. పని లేనప్పుడు ఇన్వర్టర్ ఆపేయండి, ఊరికే ఆన్‌లో ఉన్నా కొంత తాగుతుంది.

అసలు గొడవ నీడతో. వేడికి చెట్టు కింద ఆపాలనిపిస్తుంది, చెట్టు కింద ఆపితే ప్యానెల్ పడుకుంటుంది. మూల మీద చిన్న కొమ్మ నీడ పడినా ఆ ప్యానెల్ ఇచ్చేది దారుణంగా పడిపోతుంది. పైగా మాకు బిగించినవాళ్ళు ఒక ప్యానెల్‌ని ఏసీ డబ్బాకి ఆనించి పెట్టారు, సాయంత్రం నాలుగింటికల్లా ఆ డబ్బా నీడే దాని మీద, అడిగితే పైన జాగా లేదన్నారు. చివరికి మడతపెట్టే ప్యానెల్ ఇంకోటి, పొడవాటి కేబుల్‌తో కొన్నాం. ట్రైలర్ నీడలో, అది ఎండలో. నన్నడిగితే పైకప్పు మీద మూడోది పెట్టించేకంటే ఇదే నయం, చలికాలంలో సూర్యుడి వైపు వాల్చుకోవచ్చు కూడా.

చలికాలం వేరే కథ. అరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ పక్క ఎడారిలో 14 రోజుల దాకా ఉచితంగా ఉండనిచ్చే చోట్లున్నాయి, జనవరిలో జనం బాగా వస్తారు. ఎండ బాగానే ఉంటుంది గానీ సూర్యుడు కిందుగా పోతాడు, కప్పు మీద బల్లపరుపుగా ఉన్న ప్యానెళ్ళు వేసవిలో ఇచ్చేదాంట్లో సగం ఇస్తే గొప్ప. హీటర్ గ్యాస్‌దే అయినా దాని ఫ్యాన్ బ్యాటరీ మీదే తిరుగుతుంది, రాత్రేమో పొడుగు. ఇంకో సంగతి, లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడ్డాక ఛార్జ్ చెయ్యకూడదు, మంచివైతే వాటంతటవే ఆపేస్తాయి. బయట ముందు డబ్బాలో కాకుండా మంచం కింద పెట్టించింది అందుకే.

డబ్బు సరిపోకపోతే ముందు బ్యాటరీ మీద పెట్టండి, ప్యానెల్ తర్వాతైనా కొనుక్కోవచ్చు. పాత లెడ్ యాసిడ్‌ది 100 అని రాసున్నా 50 దాటి వాడితే త్వరగా పాడవుతుంది. లిథియంకి మారితే ట్రైలర్‌తో వచ్చిన పాత కన్వర్టర్ (బయటి కరెంటుతో బ్యాటరీని నింపే పెట్టె) దాన్ని పూర్తిగా నింపుతుందో లేదో కూడా కనుక్కోండి, చాలావాటికి అది మార్చాల్సి వస్తుంది, ఆ ఖర్చు అమ్మేవాళ్ళు ముందు చెప్పరు.