హౌసింగ్ పనికి బండి ఇచ్చే ట్రైలర్ ఓనర్లూ, పినియన్ పళ్లు మీరే లెక్కపెట్టుకోండి

నిన్న రాత్రి విజయవాడ ఆటోనగర్ నుంచి తిరిగొచ్చాను. తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. కోపం తగ్గాక రాద్దామనుకున్నా కానీ, అది తగ్గేలా లేదు. నన్ను మోసం చేసిన ఆ రిపేరు షెడ్డులోకి ఇంకొకరి బండి వెళ్లకముందే ఈ మాట చెప్పాలి.

షెడ్డు పేరు రాయను. నెల్లూరు, గూడూరు వైపు నుంచి అక్కడికి బండి తీసుకెళ్లినవాళ్లకు ఎవరి గురించి రాస్తున్నానో ఈపాటికి తెలిసే ఉంటుంది. మా నాన్న ఉన్నప్పటి నుంచి ఆ షెడ్డు ఓనర్ దగ్గరే మా బండి పని. నేను తొమ్మిదేళ్లుగా ఆయన్ని అన్నా అనే పిలిచాను.

నా బండి 2019 మోడల్ 4x2 పుల్లర్ (ట్రైలర్‌ను లాగే రెండు యాక్సిళ్ల ముందు బండి), వెనక మూడు యాక్సిళ్ల ట్రైలర్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2018లో కేంద్రం యాక్సిల్ బరువులు పెంచాక ఇలాంటి బండికి మొత్తం బరువు 40.2 టన్నుల నుంచి 45.5 టన్నులకు పెరిగింది. ఆర్‌సీలో ఆ అంకె ఉంది సరే, ఎత్తు మీద దాన్ని లాగాల్సింది మాత్రం హౌసింగ్‌లో, అంటే వెనక యాక్సిల్ మధ్య గుండులో, ఉన్న క్రౌన్ పినియనే కదా. క్రౌన్ అంటే పెద్ద పళ్ల చక్రం, పినియన్ అంటే దాన్ని తిప్పే చిన్నది. నా బండికి వచ్చింది 41/7, క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 7, అంటే 5.857 రేషియో. చదును రోడ్డు మీద స్పీడుగా తిరగడానికి అది బాగుంటుంది. చెన్నై, విజయవాడ లైన్లో ఎన్నాళ్లు తిప్పినా ఇబ్బంది రాలేదు.

ఈ ఏడాది కృష్ణపట్నం పోర్టు నుంచి బెంగళూరుకు స్టీల్ కాయిల్స్ లోడు దొరికింది. నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి, చిత్తూరు దాకా పర్వాలేదు. బంగారుపాళెం దాటాక మొగిలి ఘాట్ ఎక్కాలి. 26 టన్నులు వేసుకున్నా బండి మూలుగుతూ ఎక్కేది, క్లచ్ వాసన క్యాబిన్‌లోకి వచ్చేది. బండి మార్చే స్తోమత లేదు, నెలకు 74 వేలు కిస్తీ ఉంది. ఉన్న బండికే వెనక రేషియో మార్చి, క్లచ్ కొత్తది వేయించి, జాయింట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు తిరుగుడు తీసుకెళ్లే షాఫ్ట్) గట్టిగా చేయిస్తే చాలనుకున్నాను.

ఆ ఆలోచనలో తప్పు లేదు, ఇప్పటికీ అదే అంటాను. 41/7 బదులు 41/6 సెట్ వేస్తే రేషియో 6.83 అవుతుంది. పినియన్‌కు ఒక్క పన్ను తగ్గితే చక్రం దగ్గర లాగుడు ఆరో వంతు పెరుగుతుంది, అదే ఆర్‌పీఎంకు స్పీడు ఏడో వంతు తగ్గుతుంది. టాప్ గేర్లో 1800 ఆర్‌పీఎం దగ్గర 59 పోయే బండి 50కి వస్తుంది. ఘాట్ లైన్లో తిరిగే బండికి అది నష్టం కాదు. రేషియో మార్చినంత మాత్రాన ఆర్‌సీలో బరువు పెరగదని కూడా నాకు తెలుసు. నేను కోరుకున్నది ఆర్‌సీలో రాసిన బరువును బండి ఏడవకుండా లాగడం, అంతే.

మొత్తం 1,86,000 మాట్లాడుకున్నాం. 41/6 క్రౌన్ పినియన్ సెట్ 58 వేలు, స్టార్ గేర్లు, బేరింగులు 34 వేలు, క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు 41 వేలు, జాయింట్ క్రాసులు, సెంటర్ బేరింగ్, బ్యాలెన్సింగ్ 23 వేలు, మిగతా 30 వేలు కూలి, ఆయిలు, సీళ్లు. నేను 1,20,000 ఫోన్‌లో పంపాను, మిగతాది చేతికిచ్చాను. రెండో రోజు వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. అట్టపెట్టెలో, నూనె కాగితం మీద మెరిసిపోతున్న కొత్త క్రౌన్. కింద "నీ సెట్ వచ్చింది తమ్ముడూ, రేపు ఎక్కిస్తాం" అని వాయిస్. ఆ ఫొటో మా ఆవిడకు కూడా చూపించాను.

అయిదో రోజు బండి ఇచ్చారు. పాత క్రౌన్ ఏదన్నా అని అడిగితే "తుక్కు బండి పొద్దున్నే పట్టుకెళ్లింది, దాన్నేం చేసుకుంటావు" అన్నాడు. ఆ మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. నా సామాను నన్నడక్కుండా తుక్కుకెలా వేశారని అడగాల్సింది. అడగలేదు.

బిల్లు సంగతి కూడా చెప్పుకోవాలి. పక్కా బిల్లు కావాలా అని ఆయనే అడిగాడు. జీఎస్టీ మిగులుతుందని నేనే వద్దన్నాను. తెల్ల చీటీ మీద "హౌసింగ్ పని 1,22,000, క్లచ్, జాయింట్ 64,000" అని రాసిచ్చారు. క్రౌన్ అన్న మాట లేదు, 41/6 అన్న అంకె లేదు. మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇప్పుడు ఆ చీటీ చూస్తుంటే నా మీద నాకే కోపం వస్తోంది.

విజయవాడ నుంచి నెల్లూరుకు ఖాళీగా తెచ్చాం. బండి ఎత్తుకోవడం బాగుందని డ్రైవర్ భాయ్ మెచ్చుకున్నాడు. బాగుండక ఏమవుతుంది, క్లచ్ మాత్రం నిజంగానే కొత్తది. బేరింగులు కూడా మార్చారు కాబట్టి పాత గోల పోయింది. ఒంగోలు దాటాక భాయ్ ఒక మాట అన్నాడు. "అబ్బయా, మీటర్లో అరవై, నీ జీపీఎస్‌లో కూడా అరవై. తేడా లేకుండా బాగా సరిపోయాయి" అని. నేనూ సంతోషపడ్డాను.

ఇక్కడే నేను మోసపోయినట్టు తెలిసిపోవాల్సింది. నా బండికి మీటర్ సెన్సార్ గేర్‌బాక్స్ వెనక ఉంది. అది లెక్కపెట్టేది జాయింట్ తిరుగుడునే గానీ చక్రాన్ని కాదు. వెనక రేషియో నిజంగా మారి ఉంటే, మీటర్ సెట్టింగ్ మార్చేదాకా తప్పు చూపించాలి. మీటర్లో 60 ఉంటే రోడ్డు మీద 51 పోవాలి. రెండూ సరిపోయాయంటే వెనక ఏమీ మారలేదని అర్థం. ఇది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తట్టలేదు.

కొత్త సెట్ ఉంది కదా అని తర్వాతి ట్రిప్పుకు 29 టన్నులు ఎక్కించాను. ఆర్‌సీ బరువు దాటలేదు, అయినా ఇదివరకటి కంటే మూడు టన్నులు ఎక్కువే. రాత్రి రెండున్నరకు మొగిలి ఘాట్‌లో సగం ఎక్కాక వెనక పెద్ద శబ్దం వచ్చిందట. ఇంజన్ తిరుగుతోంది, జాయింట్ తిరుగుతోంది, చక్రం తిరగడం లేదు. బండి రెండు మూడు గజాలు వెనక్కి జారింది. భాయ్ బ్రేక్ మీద నిలబడ్డాడు. క్లీనర్ పిల్లాడు దూకి ట్రైలర్ చక్రాలకు చెక్కలు పెట్టాడు. వాడికి పంతొమ్మిదేళ్లు. ఆ చీకట్లో, 29 టన్నుల కాయిల్స్ ఉన్న ట్రైలర్ వెనక్కి జారుతుంటే, వాడు దాని కిందికి చెయ్యి పెట్టి చెక్క తోశాడు. వెనక బస్సు వస్తోందని తర్వాత చెప్పాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతున్నాయి.

పొద్దున్నే నేను వెళ్లాను. పలమనేరు నుంచి మేస్త్రీని పిలిపించి, ఘాట్ పక్కనే హౌసింగ్ విప్పించాం. ఆయిల్లోంచి ఇనుప ముక్కలు దోసిలి నిండా వచ్చాయి. పినియన్‌కు మూడు పళ్లు మొదలంటా ఎగిరిపోయాయి. మేస్త్రీ గుడ్డతో తుడిచి, మిగిలిన పళ్లూ విరిగిన మొదళ్లూ నా చేతే లెక్కపెట్టించాడు. ఏడు. మళ్లీ లెక్కపెట్టాను. ఏడే. పినియన్ చివర చెక్కిన అంకె కూడా 7/41. అది కూడా కాదు నన్ను చంపింది. రెండేళ్ల కిందట నెల్లూరులో హౌసింగ్ విప్పినప్పుడు అక్కడి మెకానిక్ క్రౌన్ వెనక పంచ్‌తో రెండు చుక్కలు కొట్టాడు, నేను పక్కనే ఉన్నాను. ఆ రెండు చుక్కలూ అక్కడే ఉన్నాయి. నా పాత క్రౌన్‌నే కడిగి, నాకే 58 వేలకు అమ్మారు.

ఎందుకు విరిగిందో కూడా మేస్త్రీ చూపించాడు. పాత పళ్లు ఒకదాని మీద ఒకటి అరిగి ఒక దారి చేసుకుని ఉంటాయి. కొత్త బేరింగులు వేసి, షిమ్‌లు (సందు సర్దే పల్చటి రేకులు) సరిగ్గా సర్దకుండా బిగిస్తే ఆ దారి తప్పుతుంది. క్రౌన్ పన్ను మధ్యలో పడాల్సిన ఒరుపు, బయటి అంచున సన్నని గీతలా మాత్రమే పడింది. బరువంతా ఆ అంచు మీదే. పళ్లకు రంగు పూసి మార్కింగ్, అంటే ఒరుపు ఎక్కడ పడుతోందో, చూసి ఉంటే అయిదు నిమిషాల్లో తెలిసేది. మార్చకపోతే మార్చలేదు, పాతదాన్నయినా సరిగ్గా బిగించలేదు. ముట్టుకోకుండా ఉంటే ఇంకో రెండేళ్లు తిరిగేదేమో.

కొత్త సెట్, కూలి, నాలుగు రోజుల నిలుపుదల, పార్టీ కోసుకున్న కిరాయి, అన్నీ కలిపి ఇంకో 1,12,000 అయింది. డబ్బు సంగతి ఇంతటితో వదిలేస్తాను. ఆటోనగర్లో జరిగింది చెప్పాలి.

విరిగిన క్రౌన్, పినియన్ గోనెసంచిలో వేసుకుని నిన్న వెళ్లాం. భాయ్ కూడా వచ్చాడు. నేను గొడవకు పోలేదు, ఒట్టేసి చెప్తున్నా. పొరపాటు జరిగింది తమ్ముడూ, కుర్రాళ్లు చేశారు, సగం ఇస్తాను అంటే తీసుకుని వచ్చేసేవాణ్ణి. సంచి టేబుల్ మీద పెట్టి, "అన్నా, ఒకసారి పళ్లు చూడండి" అన్నాను. ఆయన సంచి విప్పలేదు. టీ తాగుతూనే ఉన్నాడు. షెడ్డులో ఇంకో నలుగురు ఓనర్లున్నారు. వాళ్లందరూ వినేలా అన్నాడు: "నేను వేసింది కొత్తదే. దార్లో నీ డ్రైవర్ అమ్ముకుని పాతది వేయించాడేమో, వాణ్ణి అడుగు."

భాయ్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. పదకొండేళ్లుగా మా బండి నడుపుతున్నాడు. మా నాన్న పోయినప్పుడు పాడె మోసిన నలుగురిలో ఒకడు. డీజిల్లో ఒక్క లీటరు తేడా రానివ్వని మనిషి. ఆ మాటకు ఆయన ఏమీ అనలేదు. భుజం మీది తుండు తీసి మొహం తుడుచుకుని బయటికి వెళ్లి నిలబడ్డాడు.

పంచ్ చుక్కలు చూపించాను. "చుక్కలు ఎవడైనా కొడతాడు" అన్నాడు. ఫొటో చూపించాను. "ఫొటో పంపాను కాబట్టే వేశానని అర్థం" అన్నాడు. చీటీ చూపిస్తే నవ్వాడు. "ఇందులో క్రౌన్ అని ఎక్కడుంది? హౌసింగ్ పని అనుంది, హౌసింగ్ పని చేశాం. పక్కా బిల్లు వద్దన్నది ఎవరు?" నా దగ్గర జవాబు లేదు. తొమ్మిదేళ్లు అన్నా అని పిలిచిన మనిషి, నా తప్పును నా మీదికే గురిపెట్టి కొట్టాడు. సంచి భుజాన వేసుకుని వచ్చేశాను.

బయట, షెడ్డులో ఉన్న నలుగురిలో ఒకాయన వెనకే వచ్చాడు. ఆ ఫొటో మళ్లీ చూపించమన్నాడు. తన ఫోన్ తీసి చూపించాడు. అదే అట్టపెట్టె, అదే నూనె కాగితం, పెట్టె మూల అదే చిరుగు. మూడు నెలల కిందట ఆయనకు వచ్చిందట. ఆయన బండి హౌసింగ్ ఇంకా విప్పి చూసుకోలేదు.

అందుకే ఇదంతా రాస్తున్నాను. మూడు నాలుగు మాటలు చెప్తాను, అనుభవం ఉన్నవాళ్లు ఇంకా చెప్పండి. క్రౌన్, పినియన్ జతగా వస్తాయి, రెండింటి మీదా ఒకే నంబరు చెక్కి ఉంటుంది. ఎక్కించకముందు మీరే వెళ్లి ఆ నంబరు, పళ్ల లెక్క ఫొటో తీసుకోండి, వాళ్లు పంపే ఫొటో కాదు. మార్కింగ్ రంగు పూసి చూపించమనండి. పాత సామాను మీ బండిలోనే వేసుకుని రండి. ఇప్పటికే పని చేయించి అనుమానం ఉన్నవాళ్లు హౌసింగ్ విప్పనక్కర్లేదు. చదును నేల మీద, మిగతా చక్రాలకు చెక్కలు పెట్టి, పుల్లర్ వెనక యాక్సిల్‌కు ఒక పక్క చక్రం మాత్రం జాకీతో లేపండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేకు వదిలేయండి. జాయింట్ మీద సుద్దతో గీత పెట్టి, లేచిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. జాయింట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే మీ రేషియో. ఆరు చుట్లు నిండకపోతే 41/7, ఏడుకు కాస్త తక్కువగా వస్తే 41/6. పక్కా బిల్లు తీసుకోండి, దాని మీద పళ్ల లెక్క రాయించండి.

ఫోన్‌లో పంపిన డబ్బు వివరాలు, ఆ వాయిస్ దగ్గర పెట్టుకుని కన్‌జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఇవాళ ఫోన్ చేస్తున్నాను. సొంత బతుకుతెరువు కోసం ఒక్క బండి నడుపుకునేవాడికి ఆ చట్టం వర్తిస్తుందని మా ఊరి వకీలు చెప్పాడు. చీటీ బలహీనంగా ఉందనీ చెప్పాడు.

ఆ క్రౌన్ ఫొటో దీంతో పాటు పెడుతున్నాను. పెట్టె కుడి మూల చిరుగు చూడండి. ఇదే ఫొటో మీకూ వచ్చి ఉంటే, ఏ నెలలో వచ్చిందో నాకు చెప్పండి. ముగ్గురు నలుగురు దొరికినా చాలు, భాయ్‌ని వెంటబెట్టుకుని మళ్లీ ఆ షెడ్డుకు వెళ్తాను.